అమ్మ కోపాన్ని వదిలేసి అమ్మ జీవితం రాయవచ్చా?

ప్రశ్న – పెద్దకూతురు

అమ్మ పోయి ఏడాది కావస్తోంది. ఆమె జీవితాన్ని ఒక చిన్న పుస్తకంగా రాసి, కుటుంబంలోని వారికీ, ఆమెను దగ్గరగా ఎరిగిన కొద్దిమందికీ ఇవ్వాలని నాన్నగారూ, తమ్ముడూ, నేనూ కలిసి అనుకున్నాం. రాసే బాధ్యత నాకు అప్పగించారు. చిత్తుప్రతి దాదాపు పూర్తయింది కాని, ఒక విషయంలో మా ముగ్గురికీ మాట కుదరక పని ఆగిపోయింది. ఇక్కడ జీవితచరిత్రలు రాసినవారూ, సంస్మరణ సంచికలకు పనిచేసినవారూ ఉన్నారు కాబట్టి కొంచెం వివరంగానే అడుగుతున్నాను.

అమ్మది మెత్తటి ప్రేమ కాదు. బయటివాళ్ళెవరైనా మమ్మల్ని ఒక మాట అంటే పడనిచ్చేది కాదు; అదే మాట తాను మాత్రం పదిసార్లు అనేది. తమ్ముడు హైస్కూల్లో ఉండగా ఒక ఉపాధ్యాయుడు తరగతిలో అందరి ముందూ వాణ్ణి మొద్దు అన్నాడు. సంగతి తెలిసిన మర్నాడే అమ్మ బడికి వెళ్ళి, ప్రధానోపాధ్యాయుడి గది ముందు నిలబడి, ఆ ఉపాధ్యాయుణ్ణి పిలిపించి, ఆయన ఆ మాట వెనక్కు తీసుకునేదాకా అక్కడి నుంచి కదలలేదు. ఇంటికి వచ్చాక, అంత జరిగినా తనకు చెప్పకుండా దాచినందుకు తమ్ముణ్ణి పొద్దుపోయేదాకా తిట్టింది. వాడు ఏడుస్తూ నిద్రపోయాడు. బడిలో జరిగింది నేను తమ్ముడి నోట విన్నాను, ఇంట్లో జరిగింది కళ్ళారా చూశాను.

నాన్నగారికి పెద్ద జబ్బు చేసినప్పుడు ఆమె ఒక నోటుపుస్తకంలో ఏ మందు ఎప్పుడు ఇచ్చారో, ఎవరు మార్చారో, ఎందుకు మార్చారో రాసుకునేది. ఇద్దరు డాక్టర్లు వేర్వేరుగా రాసిన రెండు మాత్రలు పేర్లు వేరైనా ఒకే మందని పట్టుకున్నది ఆమే. సిబ్బందిలో కొందరు ఆమె ఎదురుపడితే పక్కకు తప్పుకునేవారు. మంచం పక్కన కూర్చుని కన్నీళ్ళు పెట్టుకున్న ఒక దగ్గరి బంధువును, ఏడవడానికైతే బయటికి వెళ్ళమని ఆమె పంపించేసింది. ఆ బంధువు మళ్ళీ మా గడప తొక్కలేదు.

నేను చదువు కోసం దూరంగా వెళతానన్నప్పుడు కొన్ని నెలలు నాతో మాట్లాడలేదు. అయినా నన్ను దిగబెట్టడానికి తానే వచ్చింది. హాస్టల్ గది గడియ సరిగా పడటం లేదని వార్డెన్‌తో వాదించి, దాన్ని బాగుచేయించేదాకా అక్కడే కూర్చుని, నాతో ఒక్క మాటైనా మాట్లాడకుండా రైలెక్కింది.

ఇవన్నీ రాశాను. నాన్నగారు చదివి, “పోయిన మనిషి కోపాన్ని అచ్చు వేస్తామా అమ్మా?” అన్నారు. తమ్ముడు బడిలో జరిగింది ఉంచమంటున్నాడు, ఇంట్లో జరిగింది తీసేయమంటున్నాడు. వాళ్ళు చెప్పినట్లు అన్నీ తీసేసి చదివితే, మిగిలింది ఎవరి అమ్మైనా కావచ్చు కాని మా అమ్మ మాత్రం కాదనిపించింది. నేను ఏం చేయాలి?

మరొక ఇబ్బంది కూడా ఉంది. ఆమెను నేను తల్లిగానే ఎరుగుదును. భార్యగా ఆమె ఎలా ఉండేదో రాయవలసిన అధ్యాయం రెండు పేజీలు దాటడం లేదు. నాన్నగారిని అడిగితే “నన్ను బాగా చూసుకుంది” అని ఆగిపోతున్నారు. ఆయన చేత ఎలా మాట్లాడించాలి?

సమాధానం – పాత సబ్ ఎడిటర్

అమ్మా, నేను పత్రికలో చాలా ఏళ్ళు సంస్మరణల పేజీ చూశాను. మా బల్ల మీదికి వచ్చిన రచనల్లో ఎక్కువ భాగం ‘ప్రేమమూర్తి’, ‘త్యాగశీలి’, ‘సహనానికి మారుపేరు’ అనే మాటలతో మొదలయ్యేవి. ఫొటోలు తారుమారైనా ఎవరికీ తెలిసేది కాదు. రాసినవారికి ప్రేమ లేక అలా రాశారని నేను అనను. దుఃఖంలో ఉన్న మనిషికి ముందుగా అందేవి అందరూ వాడి వదిలిన మాటలే. మీ చిత్తుప్రతి ఆ దశ దాటింది. హాస్టల్ గడియ సంగతి నా చేతికి వచ్చి ఉంటే దాన్ని మొదటి పేరాలో పెట్టేవాణ్ణి.

మీ ప్రశ్నకు నేరుగా జవాబు చెప్పేముందు, అందరికీ తెలిసిన ఒక భార్య, ఒక తల్లి సంగతి గుర్తుచేస్తాను. కస్తూర్బాను మనం సాధారణంగా భర్త వెనుక మౌనంగా నడిచిన ఇల్లాలిగానే తలచుకుంటాం. ఆమె 1869లో పోర్‌బందర్‌లో పుట్టింది, చిన్న వయసులోనే పెళ్ళయింది, 1913లో దక్షిణాఫ్రికా సత్యాగ్రహంలో మూడు నెలలు కఠిన శిక్ష అనుభవించింది, 1944 ఫిబ్రవరి 22న పుణేలోని ఆగాఖాన్ భవనంలో నిర్బంధంలోనే కన్నుమూసింది. ఇవన్నీ సరైన వివరాలే కాని, ఇవి చదివినందువల్ల ఆమె గొంతు మనకు వినిపించదు. అది వినిపించేది దెబ్బలాటల్లో.

1901లో గాంధీ కుటుంబం దక్షిణాఫ్రికా నుంచి స్వదేశానికి బయలుదేరుతున్నప్పుడు, అక్కడి భారతీయులు విలువైన కానుకలు ఇచ్చారు. వాటిలో 50 గినీల విలువ చేసే బంగారు హారం ఒకటి కస్తూర్బాకు ప్రత్యేకంగా ఇచ్చినది. ప్రజాసేవకు ప్రతిఫలం తీసుకోరాదని గాంధీ ఆ కానుకలన్నీ అక్కడి ప్రజల కోసం ఒక ట్రస్టుకు అప్పగించాలనుకున్నాడు. పిల్లలను ముందుగా ఒప్పించాడు. ఆమె ఒప్పుకోలేదు. మీకు అక్కరలేకపోవచ్చు, మీరు చెప్పినట్లు ఆడే పిల్లలకూ అక్కరలేకపోవచ్చు, రేపు వచ్చే కోడళ్ళ మాటేమిటని నిలదీసింది. నా పిల్లలను ఇప్పటినుంచే సన్న్యాసులను చేస్తున్నారా అని అడిగింది. ఆ హారం నాకు ఇచ్చింది కాదా అని అడిగింది. మీరు చేసిన సేవ వెనుక రాత్రింబగళ్ళు నేను పడిన చాకిరీ సేవ కాదా అని కూడా అడిగింది. చివరకు కానుకలు ట్రస్టుకే చేరాయి. వాదన ఆయన నెగ్గాడు. కాని అది చదివిన ఎవరికైనా కస్తూర్బా ఏమిటో ఆ రోజే తెలుస్తుంది: పిల్లల రేపటి గురించి ఆమెకున్న బెంగ, తన కష్టానికి లెక్క ఉండాలన్న పట్టుదల, భర్త ఎంతటివాడైనా ముఖం మీద అడిగే తెగువ.

ఇందులో మీకు పనికివచ్చే సంగతి ఒకటుంది. ఈ సంఘటన మనకు తెలిసింది భర్త రాయడం వల్లనే. 1925 నుంచి 1929 వరకు వారపత్రికలో వరుసగా వచ్చిన ఆత్మకథలో ఆయన దీన్ని రాశాడు. అంతకుముందు డర్బన్‌లో మలమూత్రాల పాత్ర శుభ్రం చేసే విషయంలో గొడవ జరిగి, ఆమెను చేయి పట్టి గేటుదాకా ఈడ్చుకుపోయిన ఘట్టాన్ని కూడా, ఆ సమయంలో ఆమె తనను ఎలా సిగ్గుపరచిందో సహా, ఆయనే రాశాడు. ఆమె బతికి ఉండగానే అది అచ్చయింది. అందువల్ల ఆమె గౌరవం తగ్గిందని ఎవరూ అనరు. అయితే మరొక మాట కూడా చెప్పాలి: ఆ మాటలన్నీ ఆయన జ్ఞాపకం గుండా మనకు అందినవే, ఆమె స్వయంగా కూర్చుని రాసుకున్నవి కావు. కాబట్టి మీ పుస్తకంలో ప్రతి సంఘటన దగ్గరా ఎవరు చూశారో, ఎవరు చెప్పారో ఒక ముక్క రాయండి. బడి సంగతి విన్నానని, ఇంటి సంగతి చూశానని మీరు ఇక్కడ వేరుచేసి చెప్పారు. పుస్తకంలోనూ అలాగే చెప్పండి.

ఇక రాసే పద్ధతి. బడి సంగతిని రెండుగా విడగొట్టవద్దు. మొదటి సగం మాత్రమే ఉంటే అది సినిమా సన్నివేశం అవుతుంది. రెండో సగం మాత్రమే ఉంటే అది ఫిర్యాదు అవుతుంది. రెండూ పక్కపక్కన ఉంచి, ‘అది కూడా ప్రేమే’ అనే వాక్యం మాత్రం రాయకండి. ఆ తీర్పు చదివేవారికి వదిలేయాలి. రాసేవారు ఆ వాక్యం రాశారంటే ఏదో కప్పిపుచ్చుతున్నట్లు ఉంటుంది. అలాగే ఆ కోపానికి చెల్లించిన మూల్యం కూడా రాయండి. మళ్ళీ మీ గడప తొక్కని ఆ బంధువు గురించి మీరు ఒక్క వాక్యం రాశారు. అది అలాగే ఉండాలి, కాకపోతే పేరు, వరుస చెప్పకండి.

చివరగా ఒక లోపం. మీ చిత్తుప్రతిలో పెళ్ళికి ముందు ఆమె ఎక్కడుందో నాకు కనిపించలేదు. ఆమె తోడబుట్టినవారు, చిన్ననాటి స్నేహితులు ఉంటే వెంటనే వెళ్ళి కలవండి. వయసు మళ్ళినవారికి పదేళ్ళ నుంచి ముప్ఫై ఏళ్ళ మధ్య జరిగినవి మిగతా జీవితం కంటే ఎక్కువగా గుర్తుంటాయని జ్ఞాపకశక్తి మీద పరిశోధించినవారు చెబుతారు. నా అనుభవంలోనూ అది నిజమే. పిల్లలు ఎన్నడూ చూడని మనిషిని వాళ్ళు చూసి ఉంటారు. మాట పడనివ్వని గుణం ఆమెకు ఎక్కడి నుంచి వచ్చింది? తాను మాట పడిన చోటు ఏదైనా ఉందా? అది దొరికితే మీ పుస్తకం సగం పూర్తయినట్లే.

సమాధానం – గడప లోపలి మాట

పైన పెద్దలు చెప్పినదానితో నేను పూర్తిగా ఏకీభవించలేను. కస్తూర్బా ప్రజాజీవితంలో ఉన్న మనిషి, ఆమె గురించి రాసిన భర్త తనను తాను ముద్దాయిగా నిలబెట్టుకుని రాశాడు. ఇక్కడ రాస్తున్నది కూతురు, ముద్దాయి స్థానంలో ఉన్నది తల్లి, ఆమె వచ్చి తన వైపు చెప్పుకోలేదు. ఈ తేడా చిన్నది కాదు.

నేను మా ఇంట్లో ఇలాంటి పని చేసినప్పుడు ఒక పరీక్ష పెట్టుకున్నాను. ఆ సంగతిని ఆమె బతికి ఉండగా నలుగురిలో నవ్వుతూ చెప్పుకునేదా? చెప్పుకునేదైతే అది ఆమె తన గురించి తాను ఒప్పుకున్న కథ, నిస్సందేహంగా అచ్చు వేయవచ్చు. వార్డెన్‌తో వాదన అలాంటిదే అయి ఉంటుందని నా ఊహ. ఆమె ఎన్నడూ ఎత్తనిది, ఎవరైనా ఎత్తితే మాట మార్చినది అయితే, అది ఆమె గడప దాటనివ్వని విషయం. దాన్ని మీరు దాటించకూడదు.

తమ్ముడి విషయం దీనికంటే సులువు. ఆ రాత్రి ఏడ్చినది ఆయన. ఆ ఏడుపు మీరు చూశారు కాని అది మీది కాదు. బతికి ఉన్న మనిషి వద్దంటున్నప్పుడు, పుస్తకం ఎంత బాగా వచ్చినా దానికి అంత విలువ ఇవ్వకూడదని నా అభిప్రాయం.

సమాధానం – ఉపశమన చికిత్స నర్సు

చివరి దశలో ఉన్న రోగుల దగ్గర, ఆ తర్వాత వారి కుటుంబాల దగ్గర పనిచేయడం నా వృత్తి. రచన గురించి నాకు పెద్దగా తెలియదు. మీ ప్రశ్నలో నాకు కనిపించిన కొన్ని విషయాలు మాత్రం చెబుతాను.

మందుల నోటుపుస్తకం గురించి మొదట. అలాంటి భార్యలు, అలాంటి తల్లులు వార్డులో ఉంటే సిబ్బందికి ఊపిరాడదు. ఆ మాట దాచవలసిన అవసరం లేదు, నేను కూడా పక్కకు తప్పుకున్నదాన్నే. కాని ఇద్దరు ముగ్గురు డాక్టర్లు చూస్తున్న రోగికి ఒకే మందు రెండు పేర్లతో అందడం అరుదైన సంగతి కాదు, దాన్ని పట్టుకునేది చాలాసార్లు ఇలా రాసుకునే ఇంటి మనిషే. ఆ నోటుపుస్తకం ఇంకా మీ దగ్గర ఉంటే, అందులోని ఒక పేజీని ఉన్నదున్నట్లు ఫొటో తీసి పుస్తకంలో వేయండి. ఆమె దస్తూరీ, ఆమె ప్రశ్నలు, కొట్టివేతలు అన్నీ కనిపించాలి. భార్యగా ఆమె ఎలా ఉండేదో అని మీరు వెతుకుతున్న అధ్యాయంలో కొంత భాగం ఆ పేజీల్లోనే ఉంది. ఏడ్చే బంధువును బయటికి పంపడం కూడా నేను చాలా చూశాను. అది కటువుతనంలా కనిపిస్తుంది కాని, లోపల ఉన్నది చాలాసార్లు భయం. మంచం మీది మనిషి చెవిన నిరాశ పడకూడదని ఒకరు గుమ్మం దగ్గర కాపలా కాస్తారు, ఆ కాపలాలో తాము ఏడవవలసిన ఏడుపు వాయిదా వేసుకుంటారు. మీ అమ్మగారు ఎప్పుడు ఏడ్చారో నాన్నగారికి తెలిసి ఉండవచ్చు.

రెండో విషయం, మీరు రాయనిది. మీ ప్రశ్న మొత్తంలో ఆమె చివరి రోజుల గురించి ఒక్క వాక్యం కూడా లేదు. చాలామంది అందుకు వ్యతిరేకంగా చేస్తారు: చివరి నెలల జబ్బు, సన్నబడిన చేతులు, ఆసుపత్రి వాసన అంతకుముందున్న ఏళ్ళన్నిటినీ కమ్మేసి, రాయడానికి కూర్చుంటే అవే ముందుకు వస్తాయి. మీకు అలా కాకపోవడం మంచిదే. అయితే పూర్తిగా వదిలేయడం కూడా ఒక రకమైన తప్పించుకోవడమే కావచ్చు. జీవితంలో ఆ నెలలకు ఎంత చోటు ఉందో పుస్తకంలోనూ అంతే చోటు ఇవ్వండి. ఒకటి రెండు పేజీలు చాలు.

మూడోది, మీ ముగ్గురి మధ్య తేడా. ఒకే ఇంట్లో పెరిగిన పిల్లలకు కూడా ఒకే అమ్మ ఉండదు. మీరు ఎరిగిన అమ్మ వేరు, మీ తమ్ముడు ఎరిగిన అమ్మ వేరు. దుఃఖపడే పద్ధతి కూడా మనిషికీ మనిషికీ మారుతుంది. 1999లో మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ అనే పరిశోధకులు ఒక వివరణ ఇచ్చారు. ఆప్తులను కోల్పోయినవారు ఒక వరసలో మెట్లు దిగినట్లు దుఃఖాన్ని దాటరని, కొంతసేపు ఆ లోటులోకి వెళ్ళడం, కొంతసేపు దాని నుంచి తప్పుకుని రోజువారీ జీవితాన్ని సర్దుకోవడం, ఈ రెండింటి మధ్య అటూ ఇటూ తిరుగుతూ ఉంటారని వారు చెప్పారు. మీరు రాస్తూ లోపలికి వెళుతున్న సమయంలో మీ తమ్ముడు బహుశా బయట ఉన్నారు. ఆయన వద్దంటున్నది ఆ పేజీనే కాకపోవచ్చు, ఇప్పుడు వద్దంటున్నారేమో.

పోయినవారిని ఇంతగా పట్టుకుని కూర్చోకూడదని మీతో ఎవరో ఒకరు అనే ఉంటారు. ఆ సలహాకు పాత మూలం ఉంది. పోయిన మనిషి మీద నుంచి మనసును కొంచెం కొంచెంగా విడదీసుకోవడమే దుఃఖం చేసే పని అని మనోవిశ్లేషణకు ఆద్యుడైన ఫ్రాయిడ్ 1917లో రాశాడు. మూడేళ్ళకు, 1920లో, ఆయన కూతురు సోఫీ ఇన్‌ఫ్లుయెంజాతో చనిపోయింది. 1929లో, కొడుకును పోగొట్టుకున్న ఒక మిత్రుడికి రాసిన ఉత్తరంలో, ఆ రోజు తన కూతురికి ముప్ఫై ఆరేళ్ళు నిండేవని, పోయినవారి చోటును ఏదీ పూర్తిగా నింపలేదని, అలా ఉండటమే సరైనదని ఆయనే రాశాడు. 1996లో డెన్నిస్ క్లాస్, ఫిలిస్ సిల్వర్‌మన్, స్టీవెన్ నిక్‌మన్ అనే పరిశోధకులు, పోయినవారితో బంధం తెగిపోనవసరం లేదని, రూపం మార్చుకుని కొనసాగుతుందని వాదించాక, మా వృత్తిలోనూ ‘మరిచిపొండి’ అనే మాట తగ్గింది. మీరు చేస్తున్న పనికి ఎవరికీ సంజాయిషీ ఇవ్వనక్కరలేదు.

నాన్నగారిని ఎదురుగా కూర్చోబెట్టి, ఫోనులో రికార్డింగ్ పెట్టి, “అమ్మ గురించి చెప్పండి” అని అడగకండి. అంత పెద్ద ప్రశ్నకు ఏ భర్త అయినా “బాగా చూసుకుంది” అనే చెబుతాడు. పక్కపక్కన నడుస్తున్నప్పుడో, పాత ఫొటోలు సర్దుతున్నప్పుడో, చేతిలో ఒక వస్తువు పెట్టి చిన్న ప్రశ్న అడగండి. ఈ ఫొటో తీసిన రోజు మీరిద్దరూ ఎందుకు ముభావంగా ఉన్నారు? ఈ గడియారం కొనాలన్నది ఎవరు? ఆయన ఆగినప్పుడు మీరు కూడా ఆగండి. రెండో వాక్యం తరచుగా ఆ విరామం తర్వాతే వస్తుంది. రికార్డు చేసేది ఆయనకు తెలిసే చేయండి.

సమాధానం – భార్యను పోగొట్టుకున్నవాడు

నర్సు అమ్మాయి చెప్పింది నిజం. నన్ను నా పిల్లలు అలాగే అడిగారు, నేను అలాగే జవాబు చెప్పాను. వాళ్ళు పుస్తకం వేశారు, బాగానే ఉంది. అందులో వాళ్ళ అమ్మ ఉంది. నా భార్య కోసం వెతికాను, లేదు. ఆ లోటు వాళ్ళు చేసింది కాదు, నేను ఇవ్వకపోతే వాళ్ళకు ఎక్కడ దొరుకుతుంది?

మా ఆవిడ కోపిష్టి అని ఊరంతా అనేవారు. పిల్లల దగ్గర, బయటివాళ్ళ దగ్గర ఆ కోపం అందరూ చూశారు. నా మీద ఆమెకు వచ్చే కోపం మాత్రం వేరే రకం. నేను ఏ విషయమైనా తేల్చకుండా నాన్చే మనిషిని. ఎవరికీ కాదని చెప్పలేను. నేను చెప్పలేని ‘కాదు’లన్నీ ఆమె చెప్పవలసి వచ్చింది. నేను అందరికీ మంచివాణ్ణయ్యాను, ఆమె అందరికీ చెడ్డదయింది. ఈ సంగతి నాకు ఆమె ఉండగానే తెలుసు. అలా జరగడం నాకు సుఖంగానే ఉండేది కాబట్టి ఊరుకున్నాను. మీ నాన్నగారు నా వంటివారో కాదో నాకు తెలియదు. అయితే “పోయిన మనిషి కోపాన్ని అచ్చు వేస్తామా” అని ఆయన అన్నప్పుడు, ఆ కోపంలో కొంత వాటా తనదని ఆయనకు అనిపించి ఉండవచ్చు. ఆ వాటా తనదని ఆయన చెప్పుకునే చోటు పుస్తకంలో ఉంచండి.

అడగవలసిన ప్రశ్న ఇది: మీ ఇద్దరి మధ్య అన్నిటికంటే ఎక్కువ కాలం నడిచిన గొడవ ఏది? పెళ్ళయి ముప్ఫై, నలభై ఏళ్ళు కలిసి ఉన్నవారికి అలాంటిది ఒకటి తప్పకుండా ఉంటుంది. ఆయన దానికి జవాబు చెబితే మిగతావన్నీ దాని వెంటే వస్తాయి. ఏదో ఒక్కటి చెప్పకుండా దాచుకుంటే మాత్రం పట్టుబట్టకండి. ఇద్దరి మధ్య జరిగినదంతా పిల్లలకు చెందదు.

పెద్దకూతురు

అందరికీ నమస్కారం. జవాబు రాయడానికి ఆలస్యమైంది, ఎందుకంటే మీరు చెప్పినవాటిలో కొన్ని చేసి చూశాకే రాద్దామనుకున్నాను.

తమ్ముడికి ఈ సమాధానాలన్నీ చూపించాను. ఆ రాత్రి తనదని, దాన్ని చెప్పే హక్కు నాకు లేదని అన్నవారితో వాడు ఏకీభవించాడు. ఆ తర్వాత, అయితే అది నేనే రాస్తానన్నాడు. వాడు రాసిన పేజీ నా దానికంటే చిన్నది. నేను చూడనిది ఒకటి అందులో ఉంది: అంత తిట్టాక, వాడు నిద్రపోయాడనుకుని అమ్మ వాడి లెక్కల పుస్తకం తీసి, దీపం కింద కూర్చుని ఆ పాఠాలు తాను నేర్చుకోవడానికి ప్రయత్నించిందట. మర్నాటి నుంచి లెక్కలు తానే చెప్పడం మొదలుపెట్టిందని, సరిగా చెప్పలేక మళ్ళీ వాడినే తిట్టేదని రాశాడు. ఆ పేజీని వాడి పేరుతోనే వేస్తున్నాం, నేను ఒక్క అక్షరం ముట్టుకోలేదు.

నాన్నగారిని ఆ ప్రశ్నే అడిగాను. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఒక స్నేహితుడి సంగతి చెప్పారు. ఆ స్నేహితుడు అప్పు తీసుకుంటూ హామీ సంతకం చేయమని అడిగితే నాన్నగారు కాదనలేక సరేనన్నారట. అమ్మ ఆయనకు చెప్పకుండా నేరుగా ఆ స్నేహితుడి ఇంటికి వెళ్ళి, మా ఆయన సంతకం పెట్టరు, మీరు మళ్ళీ అడగవద్దు అని చెప్పి వచ్చేసిందట. ఆ స్నేహం అక్కడితో తెగిపోయింది. ఆ అప్పు తర్వాత తీరలేదు. అమ్మ ఆ పని చేయకపోయి ఉంటే ఆ భారం మా మీద పడి, బహుశా నా చదువు ఆగిపోయేది. ఆయన ఇంతవరకు చెప్పాక, ఆమె చేసింది సరైనదే అంటారనుకున్నాను. ఆయన అలా అనలేదు. డబ్బు విషయంలో ఆమె మాట నిజమైందని, కాని తనను అడగకుండా వెళ్ళినందుకు తనకు ఇప్పటికీ కష్టంగానే ఉందని, ఆ మాట ఆమెతో చాలా ఏళ్ళు అంటూనే ఉన్నానని, ఆమె ఒక్కసారి కూడా విచారం వ్యక్తం చేయలేదని అన్నారు. ఇది రాయవచ్చా అని అడిగితే, “రాస్తే రెండు వైపులా రాయి” అన్నారు. భార్య గురించిన అధ్యాయం ఇప్పుడు పదకొండు పేజీలైంది. ఆయన చెప్పకుండా దాచుకున్నది కూడా ఏదో ఉందని నాకు అర్థమైంది, అడగలేదు.

నవ్వుతూ చెప్పుకునేదా అనే పరీక్షను మిగతా సంఘటనలన్నిటికీ పెట్టి చూశాను. వార్డెన్ సంగతి ఆమె ఎంతమందికి చెప్పిందో లెక్కలేదు, పైగా ప్రతిసారీ వార్డెన్‌ను మరింత దుర్మార్గురాలిగా చేసేది. బంధువును బయటికి పంపిన సంగతి మాత్రం ఎన్నడూ ఎత్తలేదు. దాన్ని తీసేశాను. పాత సబ్ ఎడిటర్ గారు ఉంచమన్నారు, ఆయన వాదన నాకు సరిగానే తోచింది. అయినా ఆ బంధువు ఇంకా ఉన్నారు, పేరు చెప్పకపోయినా చదివినవారందరికీ ఎవరో తెలుస్తుంది. ఆ కాగితం విడిగా దాచాను.

నోటుపుస్తకం దొరికింది. రెండు మాత్రలు ఒకటేనని కనిపెట్టిన రోజు పేజీలో ఆ రెండు పేర్ల కింద గీతలు గీసి, పక్కన “వీళ్ళకు చూపించాలి” అని రాసుకుంది, ‘వీళ్ళకు’ అనేదాన్ని రెండుసార్లు దిద్ది మరీ. ఆ పేజీ వేస్తున్నాం.

పిన్నిని వచ్చే వారం కలుస్తున్నాను. అమ్మ చిన్నప్పటి సంగతులకు ఇంకా చోటు మిగిల్చాను కాబట్టి పుస్తకం అచ్చుకు వెళ్ళడానికి కొంత సమయం పడుతుంది. పాత సబ్ ఎడిటర్ గారు ఒప్పుకుంటే ప్రూఫులు ఒకసారి చూడమని పంపుతాను. మొదటి పేరా ఆయన చెప్పినట్లు హాస్టల్ గడియతోనే మార్చాను, అది నాన్నగారికి ఇంకా నచ్చలేదు.